అడ్రసు బార్లో పూతలపట్టు

మనలో చాలామంది వెబ్ అప్లికేషన్లు రాసి బతుకుతున్నవాళ్ళమే కదా, అందుకే ఈ మాట కాస్త గట్టిగానే అంటున్నా. వెతుకులాటలో మనం ఎంచుకునే ఫిల్టర్లన్నీ యూఆర్ఎల్‌లో కనబడాలి. సెషన్లో దాచకూడదు, పోస్ట్ రిక్వెస్టులో పంపకూడదు. చూడ్డానికి గెట్, మార్చడానికి పోస్ట్ అని మొదటి వారంలో నేర్చుకున్నదే, ఉద్యోగంలో చేరాక మర్చిపోతాం :)

ఎందుకింత పట్టుదల అంటారా? మాది పూతలపట్టు. చుట్టూ మామిడి తోటలు, ఎక్కువగా తోతాపురి. కాయ దిగే రోజుల్లో ఊళ్ళో అందరికీ కావాల్సింది ఒకటే, ఈ రోజు రేటెంత? అది చూపించే సైటొకటి ఉంది, పేరెందుకు లెండి. జిల్లా ఎంచుకో, మండలం ఎంచుకో, పంట ఎంచుకో, తేదీ కొట్టు... అప్పుడొస్తుంది పట్టిక. ఆ లంకె కాపీ చేసి మా మామకి వాట్సాప్‌లో పంపితే ఆయనకి కనబడేది మళ్ళీ ఖాళీ ఫారమే. "ఏం రా అబ్బోడా, నువ్వు పంపిన దాంట్లో ఏమీ లేదే" అని ఫోను. చివరికి స్క్రీన్‌షాటే గతి. మర్నాడు ఆయన తోటలో నిలబడి వ్యాపారితో బేరమాడుతుంటే చేతిలో ఉండేది నిన్నటి బొమ్మ!

ప్రశ్నార్థకం పక్కన మండలం, పంట పెట్టి ఉంటే ఆ లంకె రోజూ కొత్త రేటు చూపించేది. జాంగోలో ఇదేమన్నా పెద్ద పనా? రిక్వెస్టులోంచి విలువ తీసుకుని క్వెరీసెట్ మీద ఫిల్టర్ పిలవడమే. క్వెరీసెట్లు మంచి బద్ధకస్తులు. ఒకదాని మీద ఒకటి ఎన్ని ఫిల్టర్లు తగిలించినా, ఫలితాలు నిజంగా అవసరమయ్యేదాకా డేటాబేసు గడప తొక్కవు. కాబట్టి యూఆర్ఎల్‌లో మండలం ఉంటే ఒక ఫిల్టరు, పంట ఉంటే ఇంకోటి, అంతే.

ఇక్కడే కొందరు అతితెలివికి పోతారు. యూఆర్ఎల్‌లో వచ్చిందంతా డిక్షనరీ చేసి, ముందు రెండు నక్షత్రాలు పెట్టి, నేరుగా ఫిల్టర్‌కి ఇచ్చేస్తారు. ఒక్క లైనులో పనైపోతుంది, నిజమే. ఓఆర్ఎం ఉంది కదా, ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ రాదులే అని ధీమా. కానీ అది కాపాడేది విలువల్ని. ఏ ఫీల్డుని అడగొచ్చో, ఏది అడగకూడదో దానికేం తెలుసు? రెండు అండర్‌స్కోర్లతో ఒక టేబుల్లోంచి ఇంకో టేబుల్లోకి దూకొచ్చు. రేటు ఎక్కించిన ఉద్యోగి, ఆయన పాస్‌వర్డ్ హ్యాష్, అది ఫలానా అక్షరాలతో మొదలవుతుందా అని అడ్రసు బార్లోంచే అడగొచ్చు. వరసలు వస్తే అవును, రాకపోతే కాదు. అట్లా ఒక్కో అక్షరం లాక్కోవచ్చు. పైగా 2025 నవంబరులో జాంగో వాళ్ళు 5.2.8 విడుదల చేస్తూ సరిదిద్దిన లోపాల్లో ఒకటి ఇట్లాంటి డిక్షనరీ వాడకం గుండా దూరే ఎస్‌క్యూఎల్ ఇంజెక్షనే. అనుమతించిన పేర్ల జాబితా ఒకటి మనమే రాసుకోవాలి. అందులో లేనిది వస్తే పక్కన పెట్టాలి. పది లైన్లు ఎక్కువైతే అవనివ్వండి.

ఇంకో చిక్కు పేర్లతో. పూతలపట్టు అని తెలుగులోనే యూఆర్ఎల్‌లో పెట్టొచ్చు, నాకూ ముచ్చటే. కానీ కాపీ చేసి అతికిస్తే చాలాసార్లు శాతం గుర్తుల గుంపుగా మారుతుంది. యూనికోడ్‌లో 9 గుర్తులు, ఒక్కోదానికి 3 బైట్లు, ఒక్కో బైటుకి 3 అక్షరాలు, వెరసి 81! ఇంగ్లీషులో రాద్దామంటే ఒకరు హెచ్ పెడతారు, ఒకరు పెట్టరు. ఇక జిల్లా పేరైతే మరీ ఘోరం. 2022 ఏప్రిల్ 4న పాత చిత్తూరు జిల్లా ముక్కలైంది. తిరుపతి వేరే జిల్లా అయింది, మదనపల్లె అప్పుడు అన్నమయ్య జిల్లాలోకి పోయింది, మేము చిత్తూరులోనే మిగిలాం. చిత్తూరు జిల్లా అని దాచుకున్న లంకెకి ఆ రోజు ముందొక జవాబు, తర్వాతొక జవాబు. లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో మండలాలకీ ఊళ్ళకీ కోడ్‌లు ఉండనే ఉన్నాయి. యూఆర్ఎల్‌లో కోడ్ పెట్టి, పేరు తెర మీద చూపిస్తే సరిపోతుంది.

అన్నట్టు, అన్నీ యూఆర్ఎల్‌లోనే అన్నానని ఆధార్ నంబరూ, ఫోను నంబరూ కూడా పెట్టేయకండి మహాప్రభో! అవి బ్రౌజర్ హిస్టరీలోనూ, సర్వర్ లాగుల్లోనూ నెలల తరబడి పడి ఉంటాయి. అవి అడిగే ఫారాలకి మాత్రం పోస్టే వాడండి.