కూలిన చోటు చెప్పండి

లినక్స్ కెర్నెల్ యూనిట్ టెస్టు కూలింది. తెర మీద మిగిలిందేమిటి? 'క్రాష్‌డ్' అన్న ఒక్క మాట, ఓ ఫంక్షన్ పేరు, దాని పక్కన ప్లస్ గుర్తు, హెక్సాడెసిమల్‌లో ఆఫ్‌సెట్. ఏ ఫైలు? ఏ లైను? ఆ ఊసే లేదు.

"ఇది చదవలేనివాడికి కెర్నెల్ ఎందుకు?" అంటారు కొందరు పెద్దలు. అయ్యా, మీరు మాత్రం చదువుతున్నారా? కెర్నెల్ సోర్సులోనే ఉన్న డీకోడ్ స్టాక్‌ట్రేస్ స్క్రిప్టుకు ఆ క్రాష్ చిట్టా అప్పజెప్పి, అది తేల్చిన లైను నంబరు చూస్తున్నారు. చేసేది అది, చెప్పేది పాండిత్యం. కొత్తవాళ్లకు స్వాగతమని బోర్డు కట్టి, గుమ్మంలో ముళ్లకంప వేసేది మీరే.

అనకాపల్లి నుంచి అడుగుతున్నాను. ఇక్కడి ఇంజినీరింగ్ కుర్రాడికి విడిగా టెస్టు బోర్డు ఎవరిస్తారు? ఉన్నదల్లా ఓ పాత లాప్‌టాప్. 2020 జనవరిలో లినక్స్ 5.5తో, ఈ యూనిట్ టెస్టులు నడిపే కేయూనిట్ వచ్చింది. యూజర్ మోడ్ లినక్స్ పుణ్యమా అని కెర్నెల్‌ను మామూలు ప్రోగ్రాంలా నడిపి పరీక్షించే వీలు ఆ కుర్రాడికీ దొరికింది. అంత దూరం పిలిచి, తప్పు దొరికిన క్షణాన చెయ్యి వదిలేస్తారా?

ఆ కెర్నెల్‌ను కట్టింది కేయూనిట్ పనిముట్టే. కట్టిన వీఎంలినక్స్ ఫైలు ఎక్కడుందో దానికి తెలుసు. ఏ టెస్టు నడుస్తుండగా కూలిందో తెలుసు. ఇన్ని తెలిసినది, డీకోడ్ చేసే పని మాత్రం మనిషి నెత్తిన ఎందుకు పెట్టాలి? డీకోడ్‌కు కావలసిన డీబగ్ సమాచారంతో బిల్డు బరువెక్కుతుంది, నిజమే. అందరి మీదా రుద్దమనడం లేదు. ఆ సమాచారం ఉంటే అక్కడికక్కడే డీకోడ్ చేసి చూపండి. లేకపోతే ఏ కాన్ఫిగ్ పెట్టుకోవాలో ఒక్క ముక్క చెప్పండి. అసలు లాగ్‌ను మాత్రం దాచకండి. మర్నాడు అదే సాక్ష్యం.

ఇంత రాద్ధాంతమెందుకంటారా? 2024 జులై 19 మరిచిపోయారా? సైబర్ భద్రతా సంస్థ క్రౌడ్‌స్ట్రైక్ పంపిన ఒక్క అప్‌డేట్‌కు సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు కుప్పకూలాయి. శంషాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. కారణం? 20 విలువలే అందిన చోట 21వది చదవబోయింది కెర్నెల్‌లో నడిచే ఆ సంస్థ డ్రైవరు. ఇలాంటి తప్పు టెస్టులో కూలితే పండగ చేసుకోవాలి. జనం మధ్య కూలితే లోకమే ఆగుతుంది. ఆ పండగను శిక్షగా మార్చేది అర్థం కాని చిట్టా. దానికి విసిగినవాడు టెస్టును సరిచేయడు, ఆపేస్తాడు. ఆపేసిన టెస్టు ఎన్నడూ కూలదు. అంతా పాసైందని చూపే పచ్చరంగు చూసి చప్పట్లు కొడతాం!

మీకో సవాలు. మీ టెస్టులో కావాలనే ఒక నల్ పాయింటర్‌ను చదివించండి. వచ్చిన క్రాష్ చిట్టాను మీ కోడ్ ఎన్నడూ చూడని మనిషి చేతిలో పెట్టండి. ఐదు నిమిషాల్లో లైను చెప్పలేకపోతే తెలివితక్కువతనం అతనిది కాదు. మీ పని సగంలోనే ఉంది. పూర్తి చేయండి.