మంజూరైన ఫీజు, ఆగిపోయిన టీసీ

తెలంగాణ ముఖ్యమంత్రి గారికి,

సర్కారు స్కాలర్‌షిప్‌ల పోర్టల్ ఈపాస్‌లో ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు దరఖాస్తు పెట్టడం కష్టమని చెప్పడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. కష్టమే, కానీ జనం అలవాటు పడ్డారు. ఆదాయం సర్టిఫికెట్‌కు మీసేవ చుట్టూ తిరుగుతారు. పదో తరగతి మెమోలో పొడి అక్షరంగా ఉన్న ఇంటిపేరు ఆధార్‌లో పూర్తిగా ఉంటే, దాన్ని సరిచేయించుకుని మళ్లీ వేలిముద్ర వేసి వస్తారు. ఊళ్లో ఏడాదికి లక్షన్నర, పట్నంలో రెండు లక్షల ఆదాయం దాటని బీసీ కుటుంబాలు కూలి పోగొట్టుకుని మరీ ఇదంతా చేస్తాయి.

అసలు చిక్కు ఆ తర్వాత. దరఖాస్తు మంజూరవుతుంది. ఖజానాలో టోకెన్ పడుతుంది. డబ్బు రాదు. నాలుగేళ్ల బీటెక్ అయిపోతుంది, అప్పటికీ రాదు. ఉద్యోగంలో చేరాల్సిన పిల్ల టీసీ, ఒరిజినల్స్ అడిగితే "ముందు నువ్వు కట్టమ్మా, సర్కారు ఇచ్చాక నీకిస్తాం" అంటారు కాలేజీలో. తండ్రి మిత్తికి తెస్తాడు. బాకీ సర్కారుది, మిత్తి ఆయనది.

కాలేజీలను మాత్రమే తిట్టలేను. వాళ్లూ లెక్చరర్లకు జీతాలివ్వాలి. 2025 నవంబరులో బకాయిల కోసం ప్రైవేటు కాలేజీలు బంద్ కూడా పాటించాయి. అయినా ఒరిజినల్స్ ఆపొద్దని యూజీసీ 2018లోనే చెప్పింది. ఆ ఉత్తర్వూ, పిల్లల మెమోలూ బహుశా ఒకే బీరువాలో ఉంటాయి.

బకాయిలన్నీ రేపే తీర్చమని అడగను. మంజూరైన ప్రతి దరఖాస్తుకూ ఒక కాగితం ఇప్పించండి. ఇంత ఫీజు ప్రభుత్వం కాలేజీకి ఇవ్వాల్సిన బాకీ, దీని పేరుతో సర్టిఫికెట్లు ఆపరాదు అని అందులో రాయించండి. ఈపాస్ నుంచే దింపుకునేలా ఉండాలి. కింద ఒక అధికారి పేరు, ఫోన్ నంబరు ఉండాలి. ఆ ఫోన్ ఎవరైనా ఎత్తాలి కూడా. ఎంసెట్ (ఇప్పటి ఈఏపీసెట్)‌లో పదివేల ర్యాంకు దాటిన బీసీ పిల్లల్లో చాలామందికి ఇంజినీరింగ్‌లో మీరిచ్చేది 35,000 రూపాయలే, పై తేడా వాళ్లే కట్టుకోవాలి. మీ వంతెంతో, పిల్లల వంతెంతో ఆ కాగితంలో విడివిడిగా వేస్తే కాలేజీ కౌంటర్ దగ్గర సగం గొడవలుండవు. ఆ కాగితం చూపినా టీసీ ఇవ్వని కాలేజీని నిధుల వరుసలో చివరికి పంపండి.

దీనికి ఖజానాలో డబ్బు అక్కర్లేదు, ఒక జీవో చాలు. వేసవిలో చివరి సెమిస్టర్ ముగిసేలోగా అది వస్తే ఈ బ్యాచ్ పిల్లలకే అందుతుంది.

ఇట్లు,
రిటైరైన ఒక డిగ్రీ లెక్చరర్