గారపండ్లు: దోషమెవరిది?

ఒక సంఘముయొక్క సంస్కారమును కొలువవలెనన్న, అది సన్మానసభలలో పలుకు మాటలకంటె ఇంటిలో ఎగతాళికి వాడు మాటలను చూడవలెను. ఎత్తుపండ్లు, తొఱ్ఱిపండ్లు, గారపండ్లు అను మాటలు మనవారి నోట ఎంత సులభముగా వెడలుచున్నవి! పెండ్లిచూపులలో కన్యను ఏదో నెపమున నవ్వించి పలువరుసను పరీక్షించు అమ్మలక్కలు నేటికిని గలరు. పసిబిడ్డకు పైపండ్లు ముందు మొలచినచో మేనమామకు గండమని శాంతులు చేయించువారును గలరు. ఇట్లు పంటియందు గండమును వెదకువారికిని, అందమును వెదకువారికిని అందు నిజముగా చూడవలసిన సంగతి కనబడకున్నది. దానిని చూపుటకే మేమిది వ్రాయుచున్నాము.

మొదట మాటను విచారింతము. పెనుకొండకును హిందూపురమునకును నడుమనున్న సోమందేపల్లి వంటి ఊళ్ళలో జనుల నోట వినవచ్చునది పల్లు. పుస్తకములలో కనబడునది పన్ను. సరిహద్దు దాటినచో కన్నడిగుడు హల్లు అనును. తమిళుడు పల్ అనును. ప్రాచీన కన్నడమునందలి పకారము కాలక్రమమున హకారమైనది; అందుచే మన పాలు వారికి హాలు, మన పల్లి వారికి హళ్ళి, మన పల్లు వారికి హల్లు. బాలుడు పల్లు అనగానే అది మోటుమాట యని కసరి దంతమనిపించువారు, ఆ బాలుని నోటనున్నది మూడు భాషల ఉమ్మడి సొత్తని యెఱుగరు.

దంతము మంచిమాటయే, దానిపై మాకు ద్వేషము లేదు. సంస్కృతమున పంటికి ద్విజమని మఱియొక పేరును గలదు. పాలపండ్లు ఇరువదియు రాలి, వాని స్థానమున మరల పండ్లు మొలచును గనుక పన్ను రెండుమార్లు పుట్టినదన్నమాట. పక్షికిని, ఉపనయనమైన వానికిని అదే పేరు. ఉపనయనముచే వచ్చు ద్విజత్వము కొందఱిది. నోటిలోని ద్విజత్వము అగ్రహారములోని బిడ్డకును వెలివాడలోని బిడ్డకును సమానము. కులగర్వమును నెమరువేయువారు తమ నాలుకతో తమ పండ్లనొకసారి తడవి చూచుకొందురు గాక!

ఇక పనిపాటలవారు ఈ మాటను వాడు తీరు చూడుడు. రంపమునకు పండ్లు గలవు, దువ్వెనకు గలవు, విత్తనపు గొర్రుకు గలవు. కొడవలికి పండ్లు తీర్చుటను కక్కుపెట్టుట యందురు. ధర్మవరపు పట్టుమగ్గమున పడుగుపోగులను వరుస తప్పకుండ నిలుపు అచ్చు సయితము దువ్వెన పోలికదే. ఇచట పన్ను అనగా వరుసలో నిలిచి పనిచేయునది. గొర్రుపల్లు విఱిగినచో వేరుసెనగ రైతు గొర్రును దూషింపడు. నేలలో రాయి యున్నదేమో యని చూచును. ఈపాటి వివేకము బిడ్డల పండ్లయెడ మనకేల లేకపోయెను?

గార యను ఒక్కమాట రెండు వేఱు సంగతులను కప్పుచున్నది. సరిగా తోమకుండుటచే పండ్లపై పేరుకొని గట్టిపడునది ఒకటి; వైద్యుడు గీకినచో అది పోవును. నీటిలోని ఫ్లోరైడువలన ఏర్పడు మచ్చ రెండవది. పన్ను చిగురులోపల రూపొందుచున్న కాలమున, అనగా ఇంచుమించు ఎనిమిదేండ్ల వయస్సులోపల, బిడ్డ అట్టి నీటిని త్రాగుచుండినచో పంటి పైపొరయందే లోపము కలుగును. మొదట సున్నపు చారలు, ముదిరినచో గోధుమరంగు మచ్చలు కనబడును. వేపపుల్లయు పండ్లపొడియు వానిని పోగొట్టజాలవు.

ఇది క్రొత్తసంగతి కాదు. 1937లోనే షార్ట్, పండిత్, రాఘవాచారి అను పరిశోధకులు నాటి నెల్లూరు జిల్లాలో ఈ వ్యాధిని గుర్తించి ప్రకటించిరి. హెచ్చు ఫ్లోరైడు పండ్లతో ఆగక ఎముకలను కూడ పట్టి నడుములు వంచుననియు నాడే తెలిసినది. అనంతపురము సీమ వానకఱవు సీమ. చెఱువులెండి బోర్లు లోతైనకొలది గ్రానైటురాతి సందులలో చిరకాలము నిలిచిన నీరు పైకి వచ్చును. అనేక గ్రామములలో ఆ నీటియందు ఫ్లోరైడు మితిమీరినట్లు తేలినది. 1990 దశకమున శ్రీ సత్యసాయి సంస్థవారు ఆ జిల్లాలోని వందలకొలది గ్రామములకు త్రాగునీటిని తెప్పించుటకు ఈ కష్టమును ఒక కారణము.

“ఇది నవ్వులాట మాట, దీనికింత రాద్ధాంతమేల?” అని కొందఱందురు. పేరు తప్పినచో చికిత్స తప్పును. గారపండ్లని పిలువబడిన బాలిక తానే అశుచియని నమ్మి పెదవి విప్పక తిరుగును. తల్లి పుల్లతో మఱింత రాచి చిగుళ్ళను గాయపఱచును. ఊరివారు ఆ బోరునీటినే ఆమె తమ్మునికిని పోయుదురు. ఎగతాళి చేసిన నోరు నీటిని గూర్చి ప్రశ్నింపదు. సాక్షిని దోషిగా నిలిపి అసలు దోషిని విడిచిపుచ్చు న్యాయస్థానమును మనము మెచ్చుకొందుమా?

చదువరులారా! మేము కోరునది కొండంత కార్యము కాదు. పిల్లల పండ్లపై మచ్చలు కనబడిన ఊరిలో త్రాగునీటిని పరీక్షింపించుడు. లీటరునకు 1 మిల్లీగ్రాము ఫ్లోరైడు లోపల నుండుట మేలనియు, వేఱు నీరు లేనిచో 1.5 దాటరాదనియు మనదేశపు ప్రమాణము. కాచినంత మాత్రమున ఫ్లోరైడు పోదని ఇరుగుపొరుగులకు చెప్పుడు. పటికయు సున్నమును తగుపాళ్ళలో వాడి నీటిని శుద్ధిచేయు విధానము మన నల్లగొండ పేరనే లోకమునకు తెలిసియున్నది; పంచాయతీవారిని దానికొఱకైనను, మంచినీటికొఱకైనను నిలదీసి యడుగుడు. పల్లు అన్న బిడ్డను దిద్దవలదు. గారపల్లు అన్న పెద్దలను దిద్దుడు. పెండ్లిచూపులలో నవ్వుమని కన్యను కోరునట్టి ఇంటివారిని, మీ యూరిలో త్రాగుచున్నది ఏ నీరని ముందుగా అడుగుడు.