మనవాడే, సరే!

మొన్న ధారావిలో జరిగిన ఒక సభలో వక్త ఒకాయన ఇంద్రెస్ నాయుడు గురించి మాట్లాడారు. దక్షిణాఫ్రికా వర్ణవివక్ష ప్రభుత్వాన్ని ఎదిరించి 1963లో పట్టుబడి, రాబెన్ దీవిలో పదేళ్లు ఖైదు అనుభవించి, 1994లో ఆ దేశపు సెనేట్ సభ్యుడైన మనిషి. "నాయుడుగారు మనవాడే!" అనగానే చప్పట్లు మోగాయి. నేనూ కొట్టాను. ఇంటికొచ్చాక సిగ్గేసింది.

ఆయన తాత తంబి నాయుడు మారిషస్‌లో పుట్టారు. గాంధీ సత్యాగ్రహంలో పదేపదే జైలుకెళ్లారు. జొహానెస్‌బర్గ్‌లో తమిళుల సంఘానికి అధ్యక్షులు. పేరు చివర నాయుడు ఉంటే చాలా, మనవాడైపోవడానికి? పుట్టుకను బట్టి మనిషికి విలువ కట్టే పద్ధతి మీద పోరాడినవాణ్ణి, మనం పుట్టుకను బట్టే కొలిచి దండ వేశాం!

తెలుగువాడే కావాలంటే నెల్లూరు జిల్లాలో 1924లో పుట్టిన ఏనుగ శ్రీనివాసులురెడ్డి లేరా? ఐక్యరాజ్యసమితిలో 1963 నుంచి ఈ పనే చేసి, 1976 నుంచి 1984 దాకా వర్ణవివక్ష వ్యతిరేక కేంద్రాన్ని నడిపారు. 2020లో కన్నుమూశారు. నేనెరిగిన ఏ సభలోనూ ఆయన పేరు వినలేదు. ఆయన ఏ పార్లమెంటులోనూ కూర్చోలేదు మరి!

అక్కడ ఏ రంగువాడు ఏ పేటలో ఉండాలో చెప్పడానికి 1950లో చట్టం చేశారు. మనకు చట్టంతో పనిలేదు. ఆ సభలో ముందువరసలో కూర్చున్న పెద్దాయన దగ్గర పోయిన ఏడాది ఒక ఖోలీ ఖాళీగా ఉంది. పాలమూరు కుర్రాడొకడు అద్దెకడిగాడు. "మీరు ఏమోళ్లు?" అన్నాడాయన. కుర్రాడు దాచకుండా మాదిగోళ్లమన్నాడు. "అయ్యో, నిన్ననే వేరేవాళ్లకు మాటిచ్చిన" అన్నాడు. ఆ ఖోలీకి రెండు నెలలు తాళం వేలాడింది. కుర్రాణ్ణి వెంటబెట్టుకు వెళ్లింది నేనే. నోరు మెదపలేదు. నా సిగ్గుకు కారణం అదీ.

వర్ణవివక్షను కూలదోసిన దేశం 1996లో రాసుకున్న రాజ్యాంగంలో, గౌరవించవలసిన భాషల వరసలో తెలుగు పేరు కూడా చేర్చింది. గుప్పెడుమంది మాట్లాడే భాషకు వాళ్లు చోటిచ్చారు. మరాఠీ నేల మీద మన భాషకు చోటు కావాలని అడిగే మనం, మన భాషే మాట్లాడే కుర్రాడికి పదడుగుల గది ఇవ్వలేకపోయాం. ఏ మొహంతో అడుగుతాం?

కామాఠీపురాకు పేరు తెచ్చినవాళ్లు రాళ్లు మోసిన తెలుగు కూలీలు. వాళ్ల పేరు చెప్పుకుని బతికే మనకు ఇంత ఎచ్చులెందుకు?

వచ్చే సభలో దండ పట్టుకుని లేచే పెద్దలను లేచి నిలబడి ఒక్కటే అడుగుతాను: "అయ్యా, మీ ఖోలీ ఎవరికిచ్చారు?"