రక్తం లెక్కల్లో మా లెక్క ఎంత?

షుగరు, బీపీ, గుండెజబ్బు ఒక్క జన్యువుతో వచ్చేవి కావు. వందల చోట్ల చిన్న తేడాలు కలవాలి. వాటికి తిండి, పని, నీళ్లు, అవమానం తోడు కావాలి. జబ్బున్నవాళ్ల జన్యువుల్నీ లేనివాళ్ల జన్యువుల్నీ లక్షల్లో పక్కపక్కన పెట్టి, ఏ తేడా ఎవరిలో ఎక్కువో కంప్యూటరు లెక్క కడుతుంది. మంచిదే. సైన్సును మేము కాదనం. ఆ లెక్కలో ఎవరున్నారనే అడుగుతున్నాం.

2019లో అచ్చయిన ఒక పరిశీలన ప్రకారం ఇట్లాంటి పరిశోధనల్లో నూటికి 79 మంది యూరపు మూలాల వాళ్లే. వాళ్ల మీద తయారైన కొలబద్ద మిగతా వాళ్లకు సరిగ్గా పనిచెయ్యదు.

కులానికి మూలం లోపలి పెళ్లే అని బాబాసాహెబ్ 1916లోనే కొలంబియాలో చెప్పారు. 2017లో హైదరాబాదు సీసీఎంబీ శాస్త్రవేత్తలు, విదేశీ శాస్త్రవేత్తలు కలిసి 260కి పైగా సమూహాల జన్యువులు చూసి అదే జాడ కనుక్కున్నారు. ఆపరేషనులో కండరాల్ని సడలించే ఒక మందు ప్రభావం కొందరు వైశ్యులకు ఎంతసేపటికీ వదలకపోవడం ఇట్లాంటి లోపమే. అంటే తలుపులు మూసుకుంటే పై కులమైనా రోగం పేరుకుంటుంది. రక్తంలో గొప్పా లేదు, మైలా లేదు.

అయినా ఒక ప్రమాదం ఉంది. రాళ్లు కొట్టే పని ఒక కులానిదే అనుకోండి. ఆ కులంలో ఏదో జన్యు గుర్తు మామూలుగానే ఎక్కువ అనుకోండి. సరిచూడకుండా లెక్క కడితే ఊపిరితిత్తుల జబ్బు నేరం ఆ గుర్తు మీద పడుతుంది. రాతిధూళి తప్పించుకుంటుంది. క్వారీ యజమానీ తప్పించుకుంటాడు! ఈ ఉచ్చు శాస్త్రవేత్తలకు తెలుసు, సరిదిద్దే పద్ధతులూ ఉన్నాయి. కానీ ఎవరు ఎంత ధూళి మింగారో, ఎన్ని పూటలు పస్తున్నారో రాసుకోకపోతే ఏ పద్ధతి మాత్రం ఏం చేస్తుంది?

2025 జనవరిలో 10 వేల మంది భారతీయుల జీనోములు పరిశోధకులకు అందుబాటులోకి వచ్చాయి. అందుకే ఇప్పుడే అడగాలి. మా వాడలకు వచ్చి రక్తం తీసుకుంటే ఎందుకో మా భాషలో చెప్పండి. కాదనే హక్కు మాకుండాలి. తేలిన సంగతి మళ్లీ వాడకు రావాలి. దాన్నుంచి పుట్టిన మందు పీహెచ్‌సీలో దొరకాలి. జన్యువుతోపాటు మా కూలి, మా నీళ్లు, మా ఇల్లు కూడా కాగితం మీద ఎక్కాలి.

సమాజం పెట్టిన రోగాన్ని మా పుట్టుక మీదికి నెడితే అది కర్మ సిద్ధాంతమే. కంప్యూటరు చెప్పినా సరే, ఒప్పుకోం.