కుమ్మరి గాడిదా, రూట్ కాజూ

మన ఆఫీసుల్లో తప్పు ఎవరూ చెయ్యరు. "డ్యూ టు" చేస్తుంది. డ్యూ టు నెట్‌వర్క్ ఇష్యూ, డ్యూ టు కాన్ఫిగరేషన్ మిస్‌మ్యాచ్, డ్యూ టు అన్‌ఫోర్సీన్ సర్కమ్‌స్టాన్సెస్. ఈ డ్యూ టు గారు అన్ని కంపెనీల్లోనూ పనిచేశారు, ఒక్క చోటా అప్రైజల్‌లో దెబ్బ తినలేదు :-)

వ్యాకరణం గురించి కాదు నా గొడవ. "డ్యూ టు" తర్వాత ఏం రావాలో, "బికాజ్" తర్వాత ఏం రావాలో బడిలోనే చెప్పారు. మర్చిపోయినవాళ్ళకి వర్డ్ గీత గీసి మరీ చూపిస్తుంది. నా గొడవల్లా, ఏది దేని వల్ల జరిగిందో చెప్పడానికి ఇంగ్లీషు వాళ్ళు తయారుచేసుకున్న నుడికారాలని మనం వాడే తీరుతో. ఆ నుడికారాల్లో ఒక్కోదాని లోపలా ఒక్కో వాదం ఉంది. మనం మూత తీసి చూడం. లేబుల్ బావుంది కదా అని మెయిల్లో అతికించేస్తాం. దాని వల్ల నష్టపోయేది ఎప్పుడూ టీములో అందరికన్నా చిన్నవాళ్ళే.

ముందు "డామినో ఎఫెక్ట్" సంగతి చూడండి. ఈ పోలికకి ఇంత పేరొచ్చింది 1954 ఏప్రిల్‌లో. అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ఇండోచైనా గురించి విలేకరులతో మాట్లాడుతూ, వరసగా నిలబెట్టిన డామినో బిళ్ళల్లో మొదటిదాన్ని తోస్తే చివరిది కూడా పడటం ఖాయం అన్నాడు. ఆ పోలిక పట్టుకుని తర్వాత ఎంత యుద్ధం చేశారో మీకు తెలుసు. 1975లో దక్షిణ వియత్నాం పడింది, కంబోడియా, లావోస్ పడ్డాయి. థాయిలాండ్ పడలేదు, మలేషియా పడలేదు. దేశాలు బిళ్ళలు కావు, వాటికి సొంత కాళ్ళున్నాయి. పోలికలో అది దాగిపోయింది. ఇంకోటి కూడా దాగిపోయింది, అసలా బిళ్ళల్ని అలా వరసగా పేర్చిందెవరని. ఇప్పుడు మన రిపోర్టులకి రండి. "ఒక సర్వీసు పడింది, డామినో ఎఫెక్ట్ వల్ల ఇంకో ఏడు పడ్డాయి" అని రాస్తారు. టైమౌట్ లేకుండా, సర్క్యూట్ బ్రేకర్ లేకుండా ఏడింటినీ ఒకదాని మీద ఒకటి ఆనించి నిలబెట్టింది ఎవరండీ? ఐసెన్‌హోవరా?

"బటర్‌ఫ్లై ఎఫెక్ట్" మీద జరిగే అన్యాయం ఇంకా పెద్దది. మన వృత్తివాళ్ళకి ఇది సొంతింటి కథ. 1961లో ఎడ్వర్డ్ లోరెంజ్ అనే వాతావరణ శాస్త్రవేత్త కంప్యూటర్ మీద ఒక మోడల్ నడుపుతూ, పాత రన్‌ని మధ్యలోంచి మళ్ళీ మొదలుపెట్టాడు. మెమరీలో ఉన్న అంకె 0.506127. ప్రింటవుట్‌లో మూడు స్థానాలే ఉన్నాయి కాబట్టి 0.506 అని కొట్టాడు. కాసేపు పాతదానితో సమానంగా నడిచి, ఆ తర్వాత వాతావరణం ఎటో వెళ్ళిపోయింది. 1972లో ఆయన ఇచ్చిన ఉపన్యాసానికి, బ్రెజిల్‌లో సీతాకోకచిలుక రెక్క ఆడిస్తే టెక్సాస్‌లో సుడిగాలి పుడుతుందా అని ప్రశ్నగా పేరు పెట్టారు. ఉపన్యాసంలో ఆయన చెప్పిందేమిటంటే, ఒక రెక్క సుడిగాలిని పుట్టించగలిగితే పుట్టే సుడిగాలిని ఆపనూ గలదు, కాబట్టి ఏ రెక్క ఏం చేసిందో వెనక్కి వెళ్ళి పట్టుకోలేం, చాలా ముందు రోజుల వాతావరణాన్ని కచ్చితంగా చెప్పలేం అని. అంటే కారణం వెతకడానికి ఉన్న హద్దు గురించి పుట్టిన మాట అది. మనవాళ్ళు దాన్ని పట్టుకుని "చిన్న కాన్ఫిగ్ మార్పు, బటర్‌ఫ్లై ఎఫెక్ట్" అంటారు. ఆ మార్పు ఎవరు అడిగారో, ఎవరు చేశారో, ఎవరు చూడకుండా అప్రూవ్ కొట్టారో వెర్షన్ కంట్రోల్‌లో నిమిషాలతో సహా ఉంది. అందులో సీతాకోకచిలుక ఎక్కడుంది?

"లాస్ట్ స్ట్రా" గురించి ఎక్కువ చెప్పను. ఒంటె నడుం విరగ్గొట్టిన గడ్డిపోచ కథలో బరువంతా అంతకుముందే ఎక్కించి ఉందన్నదే అసలు సంగతి. తమిళుల తిరుక్కురళ్‌లో నెమలి ఈకలు ఎక్కువైనా బండి ఇరుసు విరుగుతుందని చెప్పిందీ ఇదే. మన దగ్గర మాత్రం ఆఖరి పోచ వేసినవాణ్ణి మీటింగు రూముకి పిలుస్తారు.

అన్నిటికన్నా నన్ను మండించేది "రూట్ కాజ్". చెట్టుకి తల్లివేరు ఒకటే ఉన్నట్టు ప్రతి గండానికీ ఒకే వేరు ఉంటుందని ఆ మాటలోనే నమ్మకం పెట్టేశారు. ఐదుసార్లు ఎందుకు అని అడిగే పద్ధతి టొయోటా నుంచి వచ్చింది. తాయిచి ఓనో చెప్పిన ఉదాహరణ చూడండి. యంత్రం ఎందుకాగింది? లోడు ఎక్కువై ఫ్యూజు పోయింది. లోడు ఎందుకు పెరిగింది? బేరింగుకి నూనె సరిగా అందలేదు. ఎందుకు? నూనె పంపు సరిగా తోడటం లేదు. ఎందుకు? దాని షాఫ్టు అరిగింది. ఎందుకు? వడపోత జాలీ లేక లోహపు తుక్కు లోపలికి పోయింది. ఐదో జవాబు జాలీ, మనిషి కాదు. మన టెంప్లేట్లలో ఐదో గడి దగ్గరికొచ్చేసరికి ఎప్పుడూ ఒకటే జవాబు, "హ్యూమన్ ఎర్రర్".

నేను ఇదివరకు పనిచేసిన ఒక కంపెనీలో, చేరి ఏడాది కూడా కాని ఒకమ్మాయి లీడ్ మెయిల్లో పంపిన స్క్రిప్టుని, లీడ్ మెయిల్లోనే పంపిన ప్రొడక్షన్ పాస్‌వర్డ్‌తో నడిపింది. ఒక టేబుల్ ఖాళీ అయింది. క్లయింటుకి వెళ్ళిన కాగితంలో "డ్యూ టు హ్యూమన్ ఎర్రర్" అని ఒక్క ముక్క. బయటివాళ్ళకి ఆ హ్యూమన్ ఎవరో తెలీదు, లోపల అందరికీ తెలుసు. ఆ ఏడాది ఆ అమ్మాయి రేటింగ్ పోయింది. లీడ్ గారు ఆన్‌సైట్ వెళ్ళారు.

దీని పక్కన అమెజాన్ వాళ్ళ రిపోర్టు పెట్టి చూడండి. 2017 ఫిబ్రవరి 28న నార్త్ వర్జీనియాలో ఎస్3 కొన్ని గంటలు పడిపోయింది. వాళ్ళ స్టేటస్ పేజీ కూడా ఎస్3 మీదే ఆధారపడటంతో, పడిపోయామని చెప్పడానికీ ఇబ్బంది పడ్డారు. ఒక ఉద్యోగి కొన్ని సర్వర్లు తీసెయ్యడానికి కమాండ్ ఇస్తూ ఒక విలువ తప్పు కొట్టాడు, అనుకున్నదానికన్నా ఎక్కువ సర్వర్లు పోయాయి. రిపోర్టు అక్కడ ఆగలేదు. అంత సామర్థ్యాన్ని అంత వేగంగా తీసెయ్యనిచ్చిన టూల్‌ని మార్చామన్నారు. ఆ ముఖ్యమైన భాగాల్ని ఏళ్ళ తరబడి పూర్తిగా రీస్టార్ట్ చెయ్యలేదని, అందుకే లేవడానికి ఇంతసేపు పట్టిందని కూడా రాసుకున్నారు. కంపెనీ మీద నాకేం భక్తి లేదు, ఆ కాగితం మాత్రం బావుంది.

"బ్లేమ్‌లెస్ అంటే పేర్లు రాయకపోవడమే కదా" అంటారు కొందరు. కాదు సార్. ఈ మాటకి మన రంగంలో ప్రచారం తెచ్చినవాళ్ళలో జాన్ ఆల్‌స్పా ముఖ్యుడు. ఆయన 2012లో రాసిన వ్యాసంలో ఉన్నది, చేసినవాడు తను ఏం చేశాడో, అప్పుడు తనకి ఏం కనిపించిందో శిక్ష భయం లేకుండా పూర్తిగా చెప్పగలగాలని. మనం కర్తని వాక్యంలోంచి తీసేసి శిక్ష మాత్రం ఉంచాం.

ఇక్కడే మన పాత నైయాయికులు గుర్తొస్తారు. 17వ శతాబ్దపు విశ్వనాథ పంచాననుడి భాషాపరిచ్ఛేదంలో అన్యథాసిద్ధాలని ఒక పట్టీ ఉంది. కారణంలా కనిపించినా కారణంగా లెక్కలోకి రానివి అన్నమాట. కుండకి కుమ్మరి కారణం. కుమ్మరి తండ్రి? ఆయన లేకపోతే కుమ్మరే లేడు, అయినా కుండకి ఆయన్ని కారణమనరు. మట్టి మోసుకొచ్చిన గాడిద? ఈ కుండకి మట్టి అదే తెచ్చి ఉండొచ్చు, కానీ మట్టి ఇంకోలా వచ్చినా కుండ తయారయ్యేదే. ఇప్పుడు ఆ అమ్మాయి సంగతికి వర్తింపజెయ్యండి. ఆ పాస్‌వర్డ్ మెయిల్లో తిరుగుతున్నంతకాలం ఆమె కాకపోతే ఇంకొకరు ఆ స్క్రిప్టు నడిపేవారు. రిపోర్టులో వేరు అని రాసింది మట్టి మోసినవాళ్ళని.

కాకతాళీయం అనే మాట మన ఇళ్ళలో మామూలుగా వాడతాం. కాకి వాలింది, తాటిపండు పడింది, అంతే. దాన్ని వదిలేసి "కోరిలేషన్ ఈజ్ నాట్ కాజేషన్" అని మంత్రం చదువుతాం, అదీ చాలాసార్లు మన రిలీజ్ మీదకి వేలు వచ్చినప్పుడే! కాకిని మళ్ళీ వాలించి చూడొచ్చు కదా. రోల్‌బ్యాక్ చేస్తే తెలిసిపోతుంది.

తెలుగులో కారణం చెప్పే మాటలు ఎన్ని ఉన్నాయో మనకే గుర్తుండదు. "వాన వల్ల" అంటే ఉత్తి కారణం. "ఆయన చలవ" అంటే కృతజ్ఞత. "ఆయన పుణ్యమా అని" అన్నప్పుడు గొంతుని బట్టి దండమో దెప్పో తెలుస్తుంది. "ఆ దెబ్బకి" అంటే నష్టం. ఇంగ్లీషువాడి "థాంక్స్ టు" కూడా పుణ్యమా అని లాగే రెండు వైపులా కోస్తుంది. అది తెలియక "థాంక్స్ టు నెట్‌వర్క్ టీమ్, సైట్ ఈజ్ డౌన్" అని మర్యాదగా రాశామనుకుని క్లయింటుకి పంపేవాళ్ళున్నారు.

తెలుగు మాత్రం తక్కువ తిన్నదా అని అడగొచ్చు. నిజమే. గ్లాసు పగలగొట్టిన పిల్లాడు "పగిలిపోయిందమ్మా" అనే అంటాడు. మనకి పగలడం, పగలగొట్టడం రెండూ ఉన్నాయి, పిల్లాడు తనకి పనికొచ్చేది ఏరుకున్నాడు. కానీ ఏ అమ్మా ఆ జవాబుతో ఊరుకోదు. "దానంతటదే పగిలిందా?" అంటుంది. వెంటనే "అంత అంచున ఎవరు పెట్టారు?" అని ఇంట్లో పెద్దవాళ్ళని కూడా అడుగుతుంది. ఈసారి రిపోర్టు మీ దగ్గరికి రివ్యూకి వచ్చినప్పుడు ఆ రెండో ప్రశ్న అడిగి చూడండి, కాల్‌లో ఎంతమంది మ్యూట్‌లోకి వెళ్తారో.