ఏ.ఎన్.ఏ మళ్ళీ ఎందుకండీ?

లూపస్ అని తేలిపోయిన మనిషికి మూడు నెలలకోసారి ఏ.ఎన్.ఏ టెస్టు చేయిస్తుంటే నాకు ఒళ్ళు మండుతుంది. అది జబ్బు ఉందేమోనన్న అనుమానం తేల్చుకునేటప్పుడు పనికొస్తుంది, అంతే. ఆ తర్వాత జబ్బు రేగినా అణిగినా అది మామూలుగా పాజిటివ్‌గానే ఉంటుంది. సర్వర్‌కున్న పవర్ లైటు చూసి లోడు ఎంతుందో లెక్కేయడం లాంటిదన్నమాట!

మరి లోడు చెప్పేవి ఏవి? సీ3, సీ4 అనే కాంప్లిమెంట్ ప్రొటీన్లు.. జబ్బు రేగితే ఇవి ఖర్చైపోయి రక్తంలో తగ్గుతాయి. యాంటీ డీఎస్‌డీఎన్‌ఏ యాంటీబాడీలేమో చాలామందిలో పెరుగుతాయి. ఈ.ఎస్.ఆర్ పెరిగినా సీ.ఆర్.పీ పెద్దగా పెరగకపోవడం లూపస్‌లో మామూలే. అందుకే జ్వరంతో పాటు సీ.ఆర్.పీ బాగా పెరిగితే ముందు ఇన్ఫెక్షన్ ఉందేమో చూస్తారు.

అలాగని ఒక్క అంకె చూసి కంగారు పడక్కర్లేదు. కొందరికి డీఎస్‌డీఎన్‌ఏ ఏళ్ళ తరబడి ఎక్కువే ఉంటుంది, మనిషి మాత్రం నిక్షేపంగా ఉంటారు. ఆ అంకె ఒక్కటే చూసి స్టెరాయిడ్లు పెంచరు. వరసగా ఎటు పోతోందన్నది ముఖ్యం. అదీ ఒకే ల్యాబ్‌లో చేయించాలి. ఓసారి ఒంగోల్లో, ఓసారి హైదరాబాదులో చేయిస్తే పద్ధతులు వేరై పోల్చడం కష్టం.

ఇక మా మార్కాపురం, గిద్దలూరు వైపు సంగతి. నీళ్ళలో ఫ్లోరైడ్, కిడ్నీ జబ్బులు పశ్చిమ ప్రకాశానికి కొత్త కాదు. దాంతో పాతికేళ్ళ అమ్మాయికి కాళ్ళు వాచినా "నీళ్ళ వల్లలే" అని ఊరుకుంటారు. లూపస్ వచ్చేవాళ్ళలో 10 మందికి 9 మంది ఆడవాళ్ళే, ఎక్కువమందికి ఆ వయసులోనే! కిడ్నీ మీద పడితే మొదట్లో నొప్పి ఉండదు, క్రియాటినిన్ కూడా నార్మల్‌గానే ఉండొచ్చు. ముందుగా తెలిసేది మూత్రంలో ప్రొటీన్ పోవడం వల్లే. ప్రొటీన్-క్రియాటినిన్ నిష్పత్తి గ్రాముకి 0.5 గ్రాములు దాటితే బయాప్సీ గురించి ఆలోచిస్తారు. సీ3 శాంపిల్ ఊరు దాటాల్సి వచ్చినా, మామూలు యూరిన్ టెస్టు చిన్న ల్యాబ్‌లోనూ అవుతుంది, ఖర్చూ తక్కువే.

కాబట్టి బెంగళూరు నుంచో, డాలస్ నుంచో ఇంటికి డబ్బులు పంపి "అన్ని టెస్టులూ చేయించండి" అనే మిత్రులారా.. మనకి బాగా వచ్చిన పని ఒకటుంది, ఒక ఎక్సెల్ షీటు తయారు చేయండి. తేదీ, ల్యాబ్, సీ3, సీ4, డీఎస్‌డీఎన్‌ఏ, యూరిన్ ప్రొటీన్, క్రియాటినిన్, బీపీ, ఆ రోజు మనిషి ఎలా ఉందీ. రుమటాలజీ డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు ఆ కాగితం పట్టుకెళ్ళమనండి. ఆఖరి కాలమ్ మాత్రం ఖాళీగా వదలకండి.